వామింట ఏది, కుక్కవామింట ఏది

వామింట కూర చేదు. ఉడకబెట్టి, నీళ్లు పిండి, చింతపులుసులో మళ్లీ ఉడికిస్తే ఆ చేదు సగం చచ్చి సగం మిగులుతుంది. ఆ మిగిలిన సగం కోసమే తింటాము.

మా యారాలు, అంటే మా బావగారి భార్య, ఆ ఏడు జ్వరంతో పడి లేచింది. దవాఖాన మందులు మింగేది గానీ అన్నం ముట్టేది కాదు. ఏం తింటావక్కా అని అడిగితే వామింట కూర అంది. ఎక్కడని తెచ్చేది? తెలంగాణ వచ్చిన తర్వాత మా కట్టంగూరు వైపు పత్తి చేలలో గడ్డిమందు కొట్టడం అలవాటైంది. కలుపు తీస్తూ ఒడి నింపుకున్న ఆకు రెండు మూడేళ్లలో కనబడకుండా పోయింది. నేనూ కొట్టించాను. ఎవరి మీదా తోసెయ్యను.

వెతగ్గా వెతగ్గా గుట్ట కింద రాళ్ల సందున ఎండిపోయిన మొక్కలు కొన్ని దొరికాయి. అప్పటికే కాయలు పగిలి గింజలు రాలాయి. మన్నుతో సహా ఊడ్చి కొంగులో కట్టుకొచ్చాను. ఆవగింజలంతే ఉంటాయి. అందుకే మా దగ్గర వీటిని అడవి ఆవాలంటారు. వానలు పడగానే బోరు పక్కన చిన్న మడి చేసి చల్లాను.

మొలకలను వేళ్లతో ముట్టి చూస్తే రెండు జాతులున్నాయని అర్థమైంది. ఒకటి మేము తినే వామింట. రెండోది కుక్కవామింట, మేము తినము. పెద్దవైతే చిన్నపిల్లలు కూడా చెబుతారు: దీనికి తెల్ల పువ్వు, దానికి పసుపుపచ్చ పువ్వు. జానెడు లోపల ఉన్నప్పుడు మాత్రం రెండూ అక్కాచెల్లెళ్లే. రెండింటికీ నూగే, రెండింటికీ వేళ్లలాంటి ఆకులే. కుక్కదాన్ని ఉంచితే అదే మడినంతా తింటుంది. పీకాలి. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ‘ప’కు, ‘ష’కు తేడా పట్టడానికి నెల పట్టింది. ఈ మొక్కల తేడా మాత్రం పుట్టుకతో వచ్చిందనుకున్నాను.

మా పద్ధతి ఏమిటంటే, కాడను రెండు వేళ్ల మధ్య పట్టి జరుపుతాము. వేళ్లకు బంకలా అంటుకుంటే కుక్కది. పొద్దున్నే కూర్చుని పట్టుకుంటూ పీకుతూ పోయాను. ఒక వరుస, రెండు వరుసలు. అన్నీ అంటుకుంటున్నాయి. పాడు గింజలే తెచ్చానే అని తిట్టుకుంటూ మడిలో ముప్పాతిక భాగం పీకేశాను.

యారాలు కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి గట్టు మీద కూర్చుంది. ఆమె కళ్లకు పొరలు. ఎదురుగా ఉన్న మనిషి మొఖం కూడా మసకే. నేను పీకి పడేసిన కుప్పలోంచి ఒక మొక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కాడను తడిమింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. తర్వాత నా చెయ్యి లాక్కుని నా వేళ్లు తడిమింది.

“నడుమ చెయ్యి కడిగినవా చెల్లె?”

లేదన్నాను.

“గీ బంక చెట్టుది గాదు. నీ ఏళ్లది.”

మొదటి కుక్కమొక్క బంక నా వేళ్లకు పట్టింది. ఆ వేళ్లతో ఏది ముట్టినా బంకే మరి. కూరకు పనికొచ్చే మొక్కల్లో చాలావాటిని నా చేతులతోనే పీకి ఎండలో పడేశాను. చేసేది లేక బకెట్లో నీళ్లు, పిడికెడు బూడిద తెచ్చాను. ఆమె మడిలో కూలబడి, ఒక్కో మొక్క ముట్టి, చెయ్యి కడుక్కుని, ఇంకోటి ముట్టింది. కొన్నింటిని ముట్టకముందే వాసన పట్టి వద్దంది. కళ్లున్న నేను పక్కన నోరు తెరుచుకుని చూస్తున్నాను. చివరికి తొమ్మిది మిగిలాయి.

తొమ్మిదీ కోస్తే ఒక పూట కూర అవుతుందన్నాను.

“ఒక్క పూట దిని ఏం జేస్తం? పండనియ్యి. నేనేం రేపే పోతలేను.”

పోదని నాకేం నమ్మకం? ఆ మనిషి అప్పటికి ఎముకల గూడు. అయినా ఆమె మాట దాటలేదు. గంజి తాగుతూ, జొన్న రవ్వతో కాచిన గట్క నాకుతూ నెట్టుకొచ్చింది.

మొక్కలు నడుమెత్తు పెరిగి పూశాయి. ఒక పొద్దున కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాను. అరవై ఏళ్లు తిన్న ఆకు. లేతగా ఉన్నప్పుడే తుంచుకునేవాళ్లం, పువ్వును వంగి ఎవరు చూశారు? నాలుగు తెల్ల రేకులు, అన్నీ ఒకే వైపు. వాటి నడుమ నుంచి దారం లాంటి కాడ పైకి లేచింది. సగం దూరం పోయాక దాని చుట్టూ మీసాల లాంటి కేసరాలు. అక్కడితో ఆగకుండా కాడ ఇంకా పైకి పోయి, కొసన సన్నటి పిందెను మోస్తోంది. పువ్వు మీద ఇంకో పువ్వు నిలబెట్టినట్టుంది. గట్టు మీది కుక్కవామింటను కూడా చూశాను. దానికి ఈ కాడ లేదు. పిందె పచ్చ రేకుల నడుమనే కూర్చుంది, ఒళ్లంతా బంక నూగు, అందులో చీమ ఒకటి ఇరుక్కుని ఉంది. ఎవరు చెక్కారో, ఎంత ఓపికతో చెక్కారో. చూసేవాళ్లు లేకున్నా ప్రతి ఏడూ ఇలాగే పూస్తూ వచ్చాయి గదా. యారాలును తీసుకొచ్చి ఆమె వేలును ఆ కాడ వెంట నడిపించాను. పిందె దాకా పోయి వేలు ఆగింది.

కాయలు పగిలితే నేలపాలు కాకుండా పాత చీర పేలికలు కట్టి గింజలు పట్టాము. మళ్లీ వానలకు చల్లాము. ఈసారి మొక్క మొక్కకూ చెయ్యి కడిగాను.

మొదటి కోత కూర వండి పళ్లెంలో పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక ఆగి, “ఎన్ని ఇడిసినవ్ విత్తులకు?” అని అడిగింది. రెండు వరుసలు ముట్టలేదని చెప్పాను. అప్పుడు మిగిలిన అన్నం కూడా కలుపుకుంది.