సముద్రంలో పిడకలు

విజయనగరంలో మునిసిపాలిటీ గోడల మీద బొమ్మలు వేస్తున్న రోజులవి. పొద్దస్తమానం ఎండలో నిచ్చెన మీద నిలబడి మెడ పట్టేసేది. ఆఖరి గోడ మీద చేపల గంప ఎత్తుకున్న అమ్మాయినీ, ఆమె వెనక సముద్రాన్నీ వేసి, ఇంటికెళ్లి ఒళ్లెరగకుండా పడుకున్నాను. మర్నాడే అధికారులు చూడ్డానికి వస్తారు.

పొద్దున్నే వెళ్లేసరికి సముద్రం నిండా పిడకలు! ఎదురింటి ముసలమ్మ ఇంకా కొడుతూనే ఉంది.

"ఇదేటమ్మా?" అన్నాను. అరిచే ఓపిక లేదు.

"నాను కోడలిగా వచ్చిన కాడ్నుంచి ఈ గోడకే కొడతన్నాను బాబూ. నువ్వు పని ముగించీదాకా పేడ దాసుంచినాను. పిల్ల మీద ఒక్కటీ ఎయ్యలేదు, సూడు. నీళ్లు కాళీగానే ఉన్నాయి కదాని అక్కడ కొట్టినాను."

నిజమే. అమ్మాయి మీద గానీ, గంప మీద గానీ చుక్క పేడ పడలేదు. అక్కడే కూలబడ్డాను. ఆవిడ చేతులు కడుక్కుని టీ తెచ్చిచ్చింది. తాగుతుండగానే అధికారులు వచ్చి, ముక్కు మూసుకుని వెళ్లిపోయారు.

ఇప్పటికీ నిచ్చెన వేసేముందు చుట్టుపక్కల ఇళ్లలో "ఈ గోడ ఎవరిదమ్మా?" అని అడుగుతాను. మునిసిపాలిటీదని చెప్పినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.