ఏడో నంబరు బిళ్ల

ఉదయం ఏడూ పదికి పాల వ్యాను నన్ను చాంపియన్ రీఫ్స్‌లో దింపింది. కరోనా రెండో విడత. ముళబాగిలు నుంచి బస్సుల్లేవు. చేతిలో పాత ఫౌజు సంచి, అందులో రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు. గని మట్టి దిబ్బల మీంచి గాలి వీచి నోట్లో దుమ్ము కొట్టింది. ఎదురుగా మూతపడ్డ బంగారు గని ఇనుప గోపురం. దాని పక్క వీధిలో అప్పటికప్పుడు తెరిచిన కరోనా వార్డు. ముప్పై మంచాలు.

నేను పదిహేడేళ్లు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. హవల్దారుగా రిటైరై వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు కాస్తున్నాను. మనిషి కావాలని ఫోనొస్తే వచ్చాను. ఆక్సిజన్ సిలిండర్లు, షిఫ్టు హాజరు నా డ్యూటీ. యాభై రోజులు చేశాను. ముందు ఏడాది మీరంతా చప్పట్లు కొట్టారు, సంతోషం. లోపల ఉన్నవాళ్లు ఎలా ఉన్నారని మాత్రం ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను, వినండి.

తెల్ల సూటు, రెండు జతల గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు, మణికట్టుకు టేపు. ఒకసారి వేసుకుంటే ఆరు గంటలు. నీళ్లు లేవు, బాత్రూం లేదు. మే నెల ఎండ, పైన రేకుల కప్పు. మూడో రోజు ఒక ఆయా సూటులోనే సొమ్మసిల్లి పడిపోయింది. నలభై నిమిషాలదాకా ఎవరికీ తెలియలేదు. సూటులో అందరూ ఒకేలా ఉంటారు మరి.

మరుసటి రోజు వార్డు అటెండరు మునెప్ప ఒక చెక్క పలక తెచ్చి గోడకు కొట్టాడు. దానికి మా షిఫ్టు లెక్కన పన్నెండు మేకులు. వాళ్ల నాన్న ఆ గనిలోనే పని చేశాడు. పెయింటు డబ్బా మూతలు కోసి పదకొండు బిళ్లలు చేశాడు. ఒకటి మాత్రం వాళ్ల నాన్నది, గనిలోకి దిగేవాళ్లకు ఇచ్చిన అసలు ఇత్తడిది. ఒకటో నంబరు వేసి అది నాకిచ్చాడు.

"లోపలికి పొయ్యేటప్పుడు బిళ్ల తీస్కోవాల. బయటికొచ్చి స్నానం చేసినంక తగిలించాల. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంగా కిందనే ఉండాడని లెక్క. మా నాయన కాలంలో ఒక్క మేకు ఖాళీ ఉన్నా షిఫ్టు షిఫ్టంతా ఆగేది. ఇంగోటి హవల్దారప్పా. ఒకరి బిళ్ల ఇంగొకరు తగిలించకూడదు. చచ్చినా తగిలించకూడదు."

"సరేలేవయ్యా, నాకు రోల్‌కాల్ నేర్పిస్తావా?" అన్నాను.

ఏడో నంబరు సిస్టర్ వసంతది. ఆమె తాతలు చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చినవాళ్లు. వార్డులో అందరికంటే చలాకీ మనిషి. "ఏమన్నా, మీ మిలటరీ టీ ఇదేనా? గేదె కూడా తాగదే!" అని నన్ను ఆటపట్టించేది. ఇరవై ఆరో రోజు నుంచి ఆ మాటలు ఆగిపోయాయి. అలసిపోయింది అనుకున్నాను.

ఇరవై తొమ్మిదో రోజు ఉదయం ఏడూ యాభైకి తన బిళ్ల నా చేతిలో పెట్టింది.

"నీ దగ్గరే పెట్టుకోన్నా. నువ్వే తగిలించు."

సూటులో బిళ్ల అడ్డమేమో అనుకున్నాను. నా మట్టిబుర్రకు ఇంకేమీ తట్టలేదు.

రెండింటికి షిఫ్టు దిగింది. ఒక్కొక్కరే వచ్చి బిళ్లలు తగిలించారు. ఏడో మేకు ఒక్కటే ఖాళీ. వెనక తలుపు నుంచి పోయుంటుందిలే అనుకున్నాను. లెక్క సరిపోవాలి, అది ఫౌజు రోగం. జేబులోంచి తీసి తగిలించేశాను.

రెండూ పన్నెండుకు మునెప్ప పలక ముందు నిలబడ్డాడు.

"వసంతమ్మ వచ్చిందా?"

"బిళ్ల ఉంది కదా."

"బిళ్లని కాదప్పా, మనిషిని చూసినావా?"

"నేనే తగిలించినాను" అన్నాను. అతను నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

ఇద్దరం వెతికాం, వార్డు చివర ఖాళీ సిలిండర్ల గదికి లోపలినుంచి గడియ పడి ఉంది. పిలిచాను. వసంత గొంతు వినిపించింది.

"పోన్నా. నేనింగ ఇంటికీ పోను, వార్డుకీ పోను. నాకు బతకాలని లేదు."

ఆరున్నర గంటలుగా సూటులో ఉంది. చుక్క నీళ్లు తాగలేదు. తలుపు పగలగొడితే లోపల ఏం చేసుకుంటుందోనని భయం. నేను కింద కూర్చున్నాను.

"ఏమైందమ్మా?"

"ఆరో మంచం తాత. సిలిండర్లు చాల్లేదు, డాక్టరు చెప్పినాడని ఆయనది తీసి పదకొండో మంచానికి పెట్టినా. తాత నన్ను చూసి తలూపినాడన్నా. తీస్కో తల్లీ అన్నట్టు. ఆ రాత్రే పోయినాడు. కండ్లు మూస్తే ఆ తలే కనిపిస్తాది."

నేను సైన్యంలో ఉన్నప్పటి మాట. మంచు కొండ మీద ఒక పోస్టులో ఇద్దరు జవాన్లు ఊపిరాడక పడిపోయారు. హెలికాప్టర్లో ఒక్కడికే చోటు. ఎవర్ని ఎక్కించాలో నన్నే చెప్పమన్నారు. చెప్పాను. రెండోవాడు తెల్లారకముందే పోయాడు. పద్నాలుగేళ్లు భార్యకు కూడా చెప్పని మాట ఆ తలుపుకు చెప్పాను. చెబుతూ ఏడ్చాను.

లోపల వసంత కూడా ఏడ్చింది. కానీ గడియ తీయలేదు.

మునెప్ప వెళ్లి పలక మీది ఏడో బిళ్ల తెచ్చి తలుపు కిందనుంచి లోపలికి తోశాడు.

"ఇది నీదే. హవల్దారప్ప తప్పు చేసినాడు. నువ్వింగా కిందనే ఉండావు. షిఫ్టంతా బయట కూర్చోనుండాది."

లోపలినుంచి వసంత మా షిఫ్టు పద్మ గురించి అడిగింది.

"పద్మక్క కూడానా? పిల్లకు పాలియ్యాల కదా."

"కూర్చోనుండాది."

"పంపించు మునెప్పన్నా."

"నువ్వొచ్చి తగిలిస్తే పోతాది."

మూడూ ఐదుకు గడియ తీసిన చప్పుడయింది. సూటు విప్పించాం, నీళ్లు తాగించాం. పద్మే స్నానం చేయించింది. తడి జుట్టుతో వసంత పలక దగ్గరికి నడిచింది. షిఫ్టులో మిగతా పదిమందీ లేచి నిలబడ్డారు. చెమటకు నాని ముడతలు పడ్డ వేళ్లు. రెండుసార్లు మేకు తప్పింది. ఎవరూ సాయం చేయలేదు. మూడోసారికి తగిలించింది.

డాక్టరు అదే రోజు ఆమెను కోలారులో మనసుల డాక్టరు దగ్గరికి పంపించాడు. పది రోజులు సెలవు. వాళ్లమ్మ పక్కనుండి మందులు వేయించింది. పదకొండో రోజు తిరిగొచ్చి, నా టీ తాగి, మొహం చిట్లించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

యాభయ్యో రోజు వార్డు మూసేశారు. ముళబాగిలు దగ్గర మా ఊరికి సాయంత్రం నాలుగింటికి చేరాను. భార్య రాగి సంకటి పెట్టింది. ముద్ద తుంచాను. అంతలో ఫోను. వసంత.

"అన్నా, యాడుండావు?"

"ఇంట్లోనమ్మా."

"ఒకటో మేకు ఖాళీగా ఉండాది. మునెప్పన్న పలక పీకనంటాడు. మేమంతా ఈడనే కూర్చోనుండాము."

జేబులో చెయ్యి పెట్టాను. తగిలించకుండానే తెచ్చేసిన ఇత్తడి బిళ్ల చేతికి తగిలింది. భార్య నా మొహంలోకి చూసి, "ఏమైంది?" అంది.

మోటారు సైకిలు తాళం తీసుకుని, వెనక కూర్చోమన్నాను. చాంపియన్ రీఫ్స్ దాకా దారి పొడుగునా ఆమెకు ఆ కొండ గురించి చెప్పాను. ఇప్పటికీ కళ్లు మూస్తే నాకు కనిపించేది ఆ కొండ కాదు. మేకు కోసం తడుముకుంటున్న ఆ నానిన వేళ్లు.