ముట్టిన కుండలు

బెజవాడలో బస్సెక్కిన నాకు నల్లగొండ జిల్లా దుమ్ము రూపంలోనే మొదట పరిచయమైంది. అరవైల మొదట్లో, మిషన్ ఆసుపత్రిలో మంత్రసాని చదువు ముగించి, హాలియా అవతలి ఒక ఊరి దవాఖానకు ఉద్యోగానికి వెళ్తున్నాను. దారిలో టైరు పేలింది. చిట్యాల చేరేసరికి అక్కడ మారాల్సిన బస్సు వెళ్లిపోయింది, ఆ రాత్రి బస్టాండులోనే గడిపాను. కాలువల మధ్య పెరిగినదాన్ని, ఇక్కడ కనుచూపుమేర రాళ్లగుట్టలూ ఎర్రనేలా తప్ప నీళ్ల జాడ లేదు. "జర జరుగమ్మా" అని ఒకాయన అంటే ఏమన్నాడో తెలియక సీట్లోంచి లేచి నిలబడ్డాను. బస్సంతా నవ్వింది.

హాలియాలో దిగాక, అదే ఊరికి పోతున్న గూడుబండి ఒకటి దొరికింది. అందులో ఆ ఊరి దొరసాని ఉంది. నా తెల్లచీర చూసి ఎంతో మర్యాదగా పక్కన కూర్చోబెట్టుకుంది. సగం దారి పోయాక అడిగింది.

"మీరు ఏ కులపోళ్లమ్మా?"

"క్రైస్తవులమండి."

"గది మతం. నేను కులమడుగుతున్న."

మాలవాళ్లమని చెప్పాను. ఆమె చీరకుచ్చెళ్లు దగ్గరికి లాక్కుంది. "బండి ఆపురా" అంది. నా ట్రంకుపెట్టె రాళ్లమీద పడింది. నేను కూర్చున్న గడ్డిని తీసి పారేయించి మరీ బండి కదిలించింది. మిట్టమధ్యాహ్నం, చెట్టు కూడా లేని చోటు. ఏడుపు రాలేదు. దీనికి బదులు తీర్చకుండా ఈ ఊరు వదలనని పైకే అన్నాను, వినేవాళ్లెవరూ లేకపోయినా.

గొర్రెలు తోలుకొస్తున్న ఒక అవ్వ నన్ను చూసి ఆగింది. "ఏడికి పోతవ్ బిడ్డా?" అంటూ నీళ్లున్న సొరకాయ బుర్రను నా చేతికే ఇచ్చింది. "దవాఖాననా? ఫికర్ చెయ్యకు, నడువు" అని పెట్టె తన నెత్తికెత్తుకుంది. ఆమె లేకపోతే ఆ రోజు నేను ఊరు చేరేదాన్ని కాదు.

వానాకాలంలో దొరసాని కోడలికి నొప్పులొచ్చాయి. ఎదురుకాళ్ల బిడ్డ. ఊరి మంత్రసాని చేతులెత్తేస్తే నాకు కబురొచ్చింది. వెనక దర్వాజ నుంచి రమ్మంది దొరసాని. నేను ముందు దర్వాజ దగ్గరే నిలబడ్డాను. లోపల కోడలు ఒక్క అరుపు అరిచింది. దొరసాని పక్కకు తప్పుకుంది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. వేడినీళ్లకు వంటింట్లోకి నేనే వెళ్లాను. మర్నాడు ఆ ఇంటి చాకలామె చెప్పింది: నేను ముట్టిన కుండలన్నీ పెంటకుప్ప మీద పగలగొట్టించారట, గంగాళాన్ని మంటలో కాల్చి చింతపండుతో తోమించారట.

ఆ మాట చెవిన పడగానే నాకు దారి దొరికింది.

పురుటి స్నానాలకని వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి ముట్టాను. ఒకరోజు మంచినీళ్ల కాగు. ఒకరోజు మజ్జిగ కుండ. దొరసాని వెనకాలే తిరిగేది, నోరెత్తేది కాదు. పచ్చిబాలింత ఉన్న ఇల్లు, నేను రాకపోతే ఎలా? ఆమె మొహం ముడుచుకుపోతుంటే నా కడుపు చల్లబడేది.

కోడలు మంచంలోంచి ఇదంతా గమనిస్తూనే ఉంది. ఒకనాడు అత్త పెరట్లోకి వెళ్లగానే గుసగుసగా అంది:

"నర్సమ్మా, గా మూలకు మామిడికాయ తొక్కు జాడీలున్నయి. వాటినీ ముట్టిపో."

నేను నివ్వెరపోయాను. "ఎందుకమ్మా?"

"నేనీ ఇంటికొచ్చినకాంచి గా మూతలు నన్ను తియ్యనియ్యలే. తాళంచెవి నడుముకే కట్టుకుంటది."

రెండు చేతులతో జాడీలన్నీ నిమిరాను. లోపలికొచ్చిన దొరసాని అది చూసి అక్కడే కూలబడింది. ఏడాదికి సరిపడా తొక్కు. పారబోయడానికి ప్రాణమొప్పక జీతగాళ్ల చేత మాలవాడకు పంపింది. ఆ నెలంతా వాడలో ఏ ఇంటికెళ్లినా అన్నంలో దొరసాని తొక్కే. నేనూ తిన్నాను. కారం కాస్త ఎక్కువైనా, ఇప్పటిదాకా అంత రుచి ఎరగను.

తర్వాత ఆ ఇంటి గడప నన్ను తొక్కనివ్వలేదు. రెండో కాన్పుకు కోడలే మొండికేసి, నడిచి దవాఖానకు వచ్చింది. వాడ ఆడవాళ్లు పురుడు పోసుకునే ఇనుప మంచం మీదే పడుకుంది. దొరసాని బయట ఎండలో నిలబడింది. లోపల జాగా ఉంది. నేను పిలవలేదు.