బండ మీద పేరు రాసిన పెళ్లికొడుకు

ఈ సాయంత్రం మామిడితోటలో కోత ముగించుకుని వస్తూ, నూజివీడు శివారులో జమీందార్లు వేసవి విడిదిగా కట్టుకున్న పాత మహల్ దగ్గర ఆగాను. చుట్టూ ఎవరూ పేర్చని, వాటంతటవే వెలసిన పెద్ద పెద్ద బండలు. పెళ్లికి ముందు ఫొటోలు దిగడానికి వచ్చిన ఒకతను, ఒక బండ మీద ఎర్ర స్ప్రేతో తన పేరూ, కాబోయే భార్య పేరూ రాస్తున్నాడు.

"ఏంటండీ ఈ పని?" అన్నాను.

"రాయే కదండీ! మీ ఇంటి గోడేం కాదుగా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే, పక్కనే ఉన్న ఆ కాబోయే పెళ్లికూతురు అతని చేతిలో రంగు డబ్బా లాక్కుంది. "ముందు నా పేరు చెరుపు. పెళ్లి సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అంది.

పట్టు కండువాతో అరగంట రుద్దాడు. రంగూ పోలేదు, నా కోపమూ పోలేదు. రాయి పాడవకుండా రంగు వదిలించే మార్గం తెలిస్తే చెప్పండి. రేపు పొద్దున్నే వెళ్తున్నాను. అతన్నీ రమ్మన్నాను.