ఎండ దాచుకునే దేశపు గడియారం

ఇంగ్లండులో గడియారాలు మార్చారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా గుడివాడ చర్చిలో ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిల్ ఉమన్‌గా సేవ చేసిన రూతమ్మ గారు. ఆవిడ రిటైరవడానికి రెండేళ్ల ముందు మాట, అక్టోబరు చివరి ఆదివారం. అప్పుడు నేను మచిలీపట్నంలో ఒక కలంకారీ ఎగుమతి సంస్థలో మర్చండైజర్‌ని. కొనేవారికీ అద్దేవారికీ మధ్య మాట నడిపే ఉద్యోగం అది.

"ఇవాళ ఫోను ప్రార్థనలో ఇంగ్లండు వాళ్లు గంట లేటుగా కలిశారమ్మా. ఏంటని అడిగితే గడియారాలు వెనక్కి తిప్పారంట, ఎండ దాచుకునే రోజులు అయిపోయాయంట. దాచిందంతా ఏం చేసుకుంటారో!" అని నవ్వారు రూతమ్మ గారు.

మర్నాడు మా దగ్గర గుడ్డ కొనే మార్గరెట్ గారు లండన్ నుంచి వీడియో కాల్‌లో మా ఎరుపు చూడాలి. దీన్ని షేడ్ అప్రూవల్ అంటాం. ఆవిడ సరేనంటేనే ఆర్డరు మొత్తానికీ అచ్చు పడుతుంది. మంజిష్ఠ వేరుతో తీసే ఎరుపు ఎండలోనే తేలుతుంది, ట్యూబులైటు కింద ఇటుకపొడిలా కనిపిస్తుంది. అందుకని ఉతికిన గుడ్డను కాలవగట్టు మీద పరిచి చూపించడం మా పద్ధతి. అంతకుముందు పంపిన నమూనాలు ఆవిడకు నచ్చలేదు. ఇదీ కాదంటే ఆ పని మిషను ప్రింటుకు పోతుంది, అద్దకం మేస్త్రి నాంచారయ్య గారి షెడ్డులో చలికాలమంతా బల్లలు ఖాళీగా ఉంటాయి.

ఆవిడ ఎప్పుడూ వాళ్ల పన్నెండింటికి, అంటే మన నాలుగున్నరకు కలిసేవారు. గడియారం వెనక్కి తిప్పారనగానే మా మేనేజరు గారు, "వెనక్కంటే మనకు గంట ముందన్నమాట. మూడున్నరకే పరిపించండి" అన్నారు. రూతమ్మ గారి ప్రార్థన సంగతి చెప్పాను. "ప్రార్థన వేరు, బిజినెస్ వేరండీ" అన్నారు.

మూడున్నర దాటింది. ఫోను మోగలేదు. నాంచారయ్య గారు గుడ్డ అంచులు సర్దుతూనే, "చూడకుండానే వద్దనుకున్నారంటారా అమ్మగారూ?" అన్నారు.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు, అమ్మ దగ్గరే చదువుకున్నాను. బత్తాయి మీద టార్చిలైటు వేసి పగలూ రాత్రీ చూపించింది ఆవిడే. అది తలచుకుంటే లెక్క తేలింది. సూర్యుడు ఎక్కడికీ జరగలేదు, వాళ్ల గడియారంలో ముల్లే వెనక్కి జరిగింది. వాళ్లకు పన్నెండయ్యేసరికి మనకు అయిదున్నరవుతుంది, పొద్దు గుంకిపోతుంది. ప్రార్థనకు వాళ్లు లేటుగా వచ్చిందీ అందుకే.

కొనేవారికి మేమే ఫోను చేయడం మేనేజరు హోదాకే చెల్లేది. అడిగితే ఆయన తల ఊపారు. మనసులో ప్రభువును తలచుకుని నంబరు నొక్కాను.

"ఇక్కడింకా పదే కదా! నిన్న మీరూ మార్చుకున్నారనుకున్నానే" అని మార్గరెట్ గారు ఆశ్చర్యపోయారు. లోకమంతా ముల్లు తిప్పుతుందని ఆవిడ నమ్మకం. అయినా వెంటనే కెమెరా పెట్టారు. గుడ్డను ఎండకు ఎదురుగా తిప్పమన్నారు, మడత విప్పమన్నారు. తర్వాత, ఇదే తనకు కావలసిన ఎరుపన్నారు.

ఆగలేక ఆ దాచుకోవడం సంగతి అడిగాను. తాము దాన్ని సమ్మర్ టైమ్ అంటామనీ, వేసవిలో గడియారం గంట ముందుకు జరిపితే పని దిగాక కూడా వెలుతురు మిగులుతుందనీ, పగలు పిసరంత కూడా పెరగదనీ చెప్పారు. దాచుకోవడమన్న మాట విని పగలే పెరుగుతుందని తమ దేశంలోనూ చాలామంది పొరబడతారట. ఇప్పుడు చలికాలంలో పెట్టుకున్నదే వాళ్ల అసలు టైమట.

నాంచారయ్య గారికి చెబితే, "ఓస్, అంతేనా! నిజంగా దాచుంటే ఓ గంట ఇటు పంపమందును. ముసురు పట్టిన రోజుల్లో గుడ్డలారక చస్తన్నాం" అన్నారు. మేనేజరు గారు కూడా నవ్వేశారు.

ఆ తర్వాత నేను పంపిన ప్రతి సందేశంలో రెండు ఊళ్ల టైమూ రాసి, కింద 'మాకు ఎండ ఉండగా' అని చేర్చేదాన్ని. గడియారం మనుషులు కుదుర్చుకున్న మాట, ఎండ దేవుడిచ్చేది. రెంటినీ ఒకటనుకుంటే పని చెడుతుందని ఆ రోజు నేర్చుకున్నాను.

రూతమ్మ గారు ఇప్పుడు అవనిగడ్డలో కూతురి దగ్గరుంటున్నారు. చూపు బాగా తగ్గింది. వెలుతురు ఉండగానే మాకు కబురు తెచ్చిన మనిషి. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, సాయంత్రం దీపం వేసేటప్పుడు ఆవిణ్ణి ఒక్కసారి తలచుకోండి.