బోర్లించిన పొట్లం

మా కాలేజీ వృక్షశాస్త్రం మ్యూజియంలో అటెండరుగా చేసి రిటైరైన, కాలేజీ అంతా బాబాయి అని పిలిచే పెద్దాయన ఈ నెల మొదట్లో పోయారు. ఫోను రాగానే ఏడ్చాను. ఏడుస్తూనే, ఇక పుట్టగొడుగుల సంగతి అందరూ నన్నే అడుగుతారులే అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది. లెక్చరర్నై ఉండి, ఆయన మీద ఇరవయ్యేళ్లు కుళ్లుకున్నాను.

మా రాజమండ్రి మ్యూజియంలో దొరల కాలంలో ఎండబెట్టి, కాగితం పొట్లాల్లో దాచిన పుట్టగొడుగులున్నాయి. ఏటా తొలకరికి ముందు బాబాయి వాటిని డాబా మీద వడియాల్లా పరిచేవారు, చీటీ అంటించిన వైపు కిందికొచ్చేలా ప్రతి పొట్లాన్నీ బోర్లించి. రిటైరయ్యాక కూడా ఆ పనికి మాత్రం వచ్చేవారు.

"చీటీకి ఎండ తగలకూడదండి. తెచ్చినోళ్ల పేరు వెలిసిపోతే, పోయినోళ్లు ఇంకోసారి పోయినట్టేనండి," అనేవారు.

గోదారొడ్డున చేపలు ఎండబెట్టుకునే ఇంట్లో పుట్టిన మనిషి. నేను పుస్తకాలు తిరగేసి తేల్చేది ఆయన వాసన చూసి చెప్పేసేవారు. పై ఊళ్ల నుంచి వచ్చిన ప్రొఫెసర్లు నన్ను దాటుకుని ఆయన దగ్గరికే వెళ్లేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ పాత పొట్లాల్లో ఒక జాతి ఈ చుట్టుపక్కల మళ్లీ ఎవరికీ కనబడలేదు. దానికోసం ఎనిమిది వానాకాలాలు తిరిగాను. ఒకసారి, రాత్రంతా ఉరిమిన మర్నాడు, బాబాయి నన్ను ధవళేశ్వరం కాలవగట్టుకి తీసుకెళ్లారు. పుట్ట పక్కన తెల్లగా మూడు. చూపుడువేలు మడిచి చూపించారు.

"వేలు చూపితే పిందెలు కుళ్లిపోతాయంటారు కదండీ. ఇవీ అంతేనండి మేడంగారూ."

ఆ మూడింటినీ ఎండబెట్టి, పాత పొట్లం పక్కనే పెట్టాం. చీటీ నేనే రాశాను. 'సేకరించినవారు' అన్నచోట నా పేరు వేసుకున్నాను. ఆయన కూడబలుక్కుంటూ చదివారు.

"దస్తూరీ ముత్యాల్లా ఉందండి," అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

పెద్దకర్మ భోజనాల నుంచి తిన్నగా మ్యూజియానికి వచ్చి బీరువా తీశాను. ఆయన రాకముందరి చీటీలు సగం వెలిసిపోయాయి. పన్నెండేళ్ల కిందటి నా చీటీ మాత్రం నిన్న రాసినట్టుంది. దాన్నీ ఏటా బోర్లించారన్నమాట. అంత మనసు నాకెందుకు లేదని మళ్లీ అసూయే కలిగింది.

నా పేరు కొట్టేసి, పక్కన ఆయన పేరు రాశాను. ఈలోగా మా ఎమ్మెస్సీ అమ్మాయి వచ్చి, "ఇది ఎవరు తెచ్చిందండీ?" అంది.

ఆయన పేరు చూపించాను, చూపుడువేలు మడిచి.