బేబీ రాసిన ఇంగ్లీషు వాక్యం

ఉప్పాడలో చేపలమ్ముకునే బేబీకి ఉన్నట్టుండి పదో తరగతి కావలసి వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా పని ఖాళీ అవబోతోందనీ, పది పాసైనవాళ్ళకే ఇస్తారనీ విన్నది. ఎనిమిదిలోనే బడి మానేసిన మనిషి. ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకుని, ఆదివారాలు చేపల గంప పక్కనబెట్టి పిఠాపురం బస్సెక్కేది. మిగతా పాఠాలు ఎలాగో పట్టుబడ్డాయి. ఇంగ్లీషే కొరకరాని కొయ్యయింది.

అంతకు రెండేళ్ళ కిందట ఆమె భర్త చినబాబు వేటకెళ్ళి తిరిగి రాలేదు. వాయుగుండంలో బోటు తిరగబడింది. కూడా వెళ్ళిన ఇద్దరినీ వేరే బోటువాళ్ళు చూసి పైకి లాగారు. చినబాబు దొరకలేదు. శవమూ కొట్టుకురాలేదు. కొన్ని నెలలు చూసి, దినం చేసేద్దామన్నాడు మరిది త్రిమూర్తులు. అత్త తలుపులమ్మ ససేమిరా అంది. "నా కొడుకుని కళ్ళతో చూడకుండా నేను చెయ్యను."

బేబీని ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె బొట్టు అలాగే ఉంది. చేపలు బేరమాడే ఆడవాళ్ళు దానికేసి చూసి, చూపు తిప్పుకుని, పండుగప్ప తాజాదేనా అని అడిగేవారు.

పరీక్షల ముందు చివరి ఆదివారం, ఇంగ్లీషు చెప్పే ప్రిస్కిల్లా టీచరు చెప్పినవన్నీ మళ్ళీ తిరగేయించింది. 'లాగా' అని పోలిస్తే సిమిలీ. ఆ 'లాగా' కూడా లేకుండా ఇదే అది అనేస్తే మెటఫర్. ప్రాణం లేనిదాన్ని మనిషిలా చేసి చెబితే పర్సానిఫికేషన్.

"సముద్రం ఊరిని మింగేస్తోంది అంటాం చూడండి, అలాంటిది" అంది టీచరు.

క్లాసులోని ఉప్పాడ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అందులో కల్పనేముందండీ, ఉన్న మాటేగా" అంది ఒకామె. ఆవిడ ఇల్లు పోయిన వర్షాకాలంలోనే నీళ్ళలో కలిసిపోయింది. టీచరు టెన్సులు మొదలుపెట్టి, ఇంట్లోవాళ్ళ గురించి ఒక్కో వాక్యం బోర్డు మీద రాయమంది.

బేబీ రాసింది: మై హజ్బెండ్ ఈజ్ ఎ ఫిషర్‌మేన్.

"బావుందమ్మా. ఇప్పటికీ వేటకెళ్తున్నారా?"

"లేదండి."

"మానేశారా? అయితే వాజ్ రావాలి."

బేబీ 'ఈజ్' చెరిపింది. సుద్దముక్క బోర్డుకి ఆనించింది గానీ చెయ్యి కదల్లేదు. వెనక బెంచీలోంచి ఎవరో మెల్లిగా చెప్పారు, వాళ్ళాయన సముద్రం మీదకెళ్ళి రాలేదండీ అని.

"టీచర్ గారండీ," అంది బేబీ ఇటు తిరక్కుండానే, "ఈజ్ అంటే అబద్ధమవుద్ది. వాజ్ నేను రాయలేనండి. మధ్యలో ఇంకేమీ లేదాండి?"

ప్రిస్కిల్లా బోర్డు దగ్గరికొచ్చింది. "ఉందమ్మా. వెళ్ళొచ్చేశాడు అంటే హ్యాజ్ బీన్. వెళ్ళాడు, ఇంకా రాలేదు అంటే హ్యాజ్ గాన్."

"వత్తాడో రాడో చెప్పదాండి అది?"

"చెప్పదమ్మా. రెండూ చెప్పదు."

మై హజ్బెండ్ హ్యాజ్ గాన్ టు ది సీ. బేబీ ఒక్కో అక్షరం నిదానంగా రాసి వెళ్ళి కూర్చుంది. టీచరు దానికి టిక్కు పెట్టలేదు, చెరపనూ లేదు. ఆ పక్కన ఖాళీ చూసుకుని తరవాతి పాఠం రాసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపులమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. "ఏం చెప్పేరే ఇయ్యాల?" అంటే బేబీ ఆ వాక్యం ఇంగ్లీషులో అప్పజెప్పి, అర్థం కూడా చెప్పింది.

ముసలామె చేతులు ఆగాయి. "ఆళ్ళకీ ఉందన్నమాట ఆ మాట. ఆళ్ళ మగోళ్ళూ సముద్రం మీదకెళ్ళుంటార్లే."

చాలాసేపు ఇద్దరూ చేపలు తిరగేశారు. అప్పుడు తలుపులమ్మ తలెత్తకుండా అడిగింది. "త్రిమూర్తులు మళ్ళీ అడుగుతున్నాడే. నువ్వేమంటావు?"

ఆ మాట అడగడం అదే మొదలు. బేబీ చేతిలో చేప కింద పెట్టింది. "పరీక్షలయ్యాక చేద్దాం అత్తా" అంది.

బేబీ పాసైంది. ఇంగ్లీషు అతికష్టం మీద గట్టెక్కింది. ఆయా పని ఖాయమైన వారంలోనే ఒడ్డున దినం జరిపించారు. తర్వాత బొట్టు తుడవడానికి ఇంటికొచ్చిన ఆడవాళ్ళని తలుపులమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "నా కోడలి సంగతి నేను చూసుకుంటా, మీరు భోజనాలకి కూచోండి" అంది.

మర్నాడు బేబీ ఆ బొట్టుతోనే పెందరాళే వెళ్ళి అంగన్‌వాడీ తలుపు తీసి, చాపలు పరిచి, పిల్లలకి మంచినీళ్ళు పట్టిపెట్టింది.